వాడరేవు రిసీవర్

"నిన్న సాయంత్రం మీరొచ్చి వెళ్లేదాకా ఇది బాగానే పనిచేసిందండీ!"

లిడియా గుమ్మంలోనే అనేసింది. వానలో తడిసిన ప్రేమ్‌చంద్‌ను హెల్మెట్ కూడా తియ్యనివ్వలేదు. పొద్దున ఏడింటికి ఆమె ఫోన్ రాగానే గుంటూరు బ్రాడీపేట నుంచి బైక్ మీద బయల్దేరిన టెక్నీషియన్ అతను.

వాడరేవు మత్స్యకారుల సొసైటీలో శాటిలైట్ రిసీవర్ చూసుకునేది లిడియానే. సముద్రంలోని బోట్ల నుంచి మెసేజ్‌లు ఆ పెట్టెకు వస్తాయి, కేబుల్ గుండా కంప్యూటర్‌లో కనిపిస్తాయి. ఈ రోజు తెర నిండా పిచ్చి గుర్తులే.

వాయుగుండం హెచ్చరిక విని బోట్లన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. అందులో మరో ముగ్గురితో పాటు లిడియా నాన్న జక్రయ్య ఉన్నాడు.

"మీరేమైనా మార్చారా?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"నేనేం ముట్టుకోలేదు. ముందు చూడండి, ప్లీజ్!"

కేబుల్ ఊడదీసి బిగించాడు. అవే గుర్తులు. కంప్యూటర్‌లో ఆ కేబుల్ తగిలే సీరియల్ పోర్ట్ సెట్టింగ్స్ తెరిచాడు. అతని మొహం పాలిపోయింది.

"ఏమైందండీ?"

"రిసీవర్ పంపే స్పీడు ఒకటి, కంప్యూటర్ చదివే స్పీడు ఇంకొకటి. నిన్న టెస్టింగ్‌కని మార్చింది నేనే. తిరిగి సరిచెయ్యడం మర్చిపోయాను."

లిడియా కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది.

అతను స్పీడు సరిచేసి, రిసీవర్ మెమరీలో ఉన్న మెసేజ్‌లను మళ్లీ రప్పించాడు. వరసగా అక్షరాలు వచ్చాయి. ఏడూ నలభైకి జక్రయ్య పంపింది: 'ఇంజిన్ ఆగింది. బోటులోకి నీళ్లు వస్తున్నాయి.' కింద బోటు ఉన్న చోటు.

అప్పుడు టైము పది దాటింది.

లిడియా రక్షణ బోటు వాళ్లకు ఫోన్ చేసి ఆ చోటు చెప్పింది. ఇక చెయ్యడానికేం లేదు. కిటికీ రెక్కలు గాలికి కొట్టుకుంటున్నాయి.

"నిన్న అసలు సర్వీసింగే లేదండీ," అన్నాడు ప్రేమ్‌చంద్. "మిమ్మల్ని చూడాలని వచ్చాను. ఆ ధ్యాసలోనే..."

"తెలుసు. నెలకు నాలుగుసార్లు సర్వీసింగ్ ఏ పెట్టెకైనా ఉంటుందా?"

"తెలిసీ ఊరుకున్నారా?"

"నాకూ మీరు రావాలనే ఉండేది." ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. "ఇప్పుడా మాటలొద్దు. నాన్న రావాలి."

పన్నెండున్నరకు తెర మీద కొత్త లైను పడింది: 'రక్షణ బోటు కనిపించింది. నలుగురం బాగున్నాం.'

లిడియా బల్ల మీద తల పెట్టుకుని బావురుమంది. ఓదార్చే హక్కు తనకుందో లేదో తెలియక ప్రేమ్‌చంద్ పక్కనే నిలబడిపోయాడు.

మూడింటికి జక్రయ్య ఒడ్డు చేరాడు. కూతురు వెళ్లి వాటేసుకుంది. ఎవరూ అడక్కముందే ప్రేమ్‌చంద్ ఆయన ఎదుటికి వెళ్లాడు.

"తప్పు నాదండీ. నావల్లే మీ మెసేజ్ రెండున్నర గంటలు అందలేదు."

"ఆ రెండున్నర గంటలూ బకెట్లతో నీళ్లు తోడామయ్యా," అన్నాడు జక్రయ్య. బొబ్బలెక్కిన అరచేతులు చూపించాడు. ప్రేమ్‌చంద్ తల దించుకున్నాడు.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఊరికూరికే సర్వీసింగని వచ్చే అబ్బాయి ఈయనేనా?"

"అవును నాన్నా."

"పంపెయ్యమంటావా, ఉండనిమ్మంటావా?"

"ఉండనియ్ నాన్నా," అంది లిడియా, వినిపించీ వినిపించకుండా.

జక్రయ్య ఇద్దర్నీ చూశాడు.

"అయితే ఈసారి నిన్ను చూడాలనిపిస్తే సరాసరి ఇంటికే రమ్మను. ఆ పెట్టె జోలికి మాత్రం పోవద్దని చెప్పు."