తీర్చేసిన మొక్కు

"నయమైపోయిన మనిసివి, ఇంకా ఆ పప్పుకట్టేటే? రెండు ముక్కలేసుకో" అంటూ సన్యాసమ్మ మళ్ళీ మాంసం కూర గరిటె కోడలి కంచం మీదికి వంచింది.

తాయారు కంచం పక్కకి లాక్కుంది. "ఒద్దన్నాను కదత్తా. కుట్లింకా మానలేదు."

"అమ్మోరి పెసాదం కాదంతావేటి?"

"కాదనలేదు. కడుపు నాది అంతన్నాను."

పొద్దుట్నుంచీ ఇదే రభస. తాయారు పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసిన రోజే అత్తగారు మేకపోతుని మొక్కుకుంది. ఆపరేషన్ చేసిన సీతమ్మధార ఆసుపత్రి డాక్టరు "గడ్డ మొత్తం తీసేశాం" అనగానే, ఆ ఒక్క మాట పట్టుకుని తాముండే కంచరపాలెంలో వీధి వీధంతా భోజనాలకి పిలిచేశారు. తీరా పిలుపులయ్యాక, కోసిన ముక్కకి చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. పేగు పక్క గ్రంథుల్లోకి కూడా జబ్బు పాకిందట. కీమో ఎక్కించుకుంటే మళ్ళీ వచ్చే ప్రమాదం తగ్గుతుందనీ, ఆలోచించుకుని త్వరగా చెప్పమనీ డాక్టరు అన్నాడు. అయినా మొక్కు ఆగలేదు. ముందురోజు ఆదివారం కొత్త చీర కట్టుకుని, "అదృష్టవంతురాలివే" అన్న వాళ్ళందరికీ తాయారు తలూపుతూ కూర్చుంది.

ఎక్కించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఆసుపత్రిలో పక్కమంచం ఆవిడ కీమో తర్వాత మంచినీళ్ళు కూడా నిలుపుకోలేక వాంతి చేసుకోవడం కళ్ళారా చూసింది.

ఫోను మోగింది. డిగ్రీ చదువుతున్న కూతురు దేవిశ్రీ మాట్లాడి వచ్చింది.

"అమ్మా, డాక్టరుగారి నర్సు. మనం కీమోకి రామని నాన్న చెప్పేశాడట. నిజమేనా అని అడుగుతోంది."

స్టీలుప్లాంటు నైట్ డ్యూటీ నుంచి వచ్చి మొహం కడుక్కుంటున్న తాయారు మొగుడు అర్జునరావు తువ్వాలు వెతుక్కున్నాడు.

"ఏం మావా, సెప్పీసినావా?"

"మరేటి సెయ్యమంటావు? నయమైపోయిందని వీదంతా పిలిసి అన్నాలెట్టినాం. ఇప్పుడు మల్లీ..."

"అయితే నీ మాట నిలబడ్డానికి నాను సచ్చిపోవాలా?"

"అపసకునం మాటలాడకే!" సన్యాసమ్మ అరిచింది. "మొక్కు తీర్సీసి మల్లీ మందెక్కించుకుంటే, అమ్మోరిని నమ్మనట్టు కాదేటి?"

"మొక్కుకున్నది నువ్వు. పిలుపులు నీ కొడుకువి. పేగు మాత్రం నాది. నన్నెవులడిగినారు? ఆ డాక్టరు కూడా నన్ను మంచమ్మీదొదిలేసి, మీ ఇద్దరితోనే గుమ్మం బయట మాటాడినాడు. ఒద్దనుకుంటే ఒద్దని నానే సెప్తును. పేగు కోసినారు గాని, నాలిక కొయ్యలేదు కదా!"

సన్యాసమ్మ గరిటె వదిలేసి గోడకి చేరగిలబడింది.

"అమ్మోరికి కోపమొస్తే నన్ను తీసుకుపోదే తల్లీ. నిన్నే తీసుకుపోద్ది. నా బయమంతా అదే" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అర్జునరావు తలెత్తలేదు. "ఆ పక్కమంచం ఆవిడని నానూ సూసినాను తాయారూ. నిన్నలా సూడలేననిపించింది."

"ఆ ముక్క నాతో అనుంటే, ఇద్దరం కూకుని బయపడుదుము. నువ్వెల్లి నర్సుకి సెప్పినావు."

తాయారు కంచం తీసి లోపలికి వెళ్ళిపోయింది. కోపం తగ్గలేదు. కానీ అత్తగారి ఏడుపు చెవుల్లోంచి పోలేదు. తన భయాన్నీ వాళ్ళ భయాన్నీ విడదీసి చూసుకోవడానికి ఆ పగలంతా పట్టింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ నలుగురూ ముందుగదిలో ఉండగా, గొంతు పెంచకుండా చెప్పింది.

"నర్సుకి నానే ఫోన్సేసి సెప్పినాను. గురువారం నుంచి కీమోకి ఎల్తన్నాను. ఒంటికి పడకపోతే మానేస్తాను, అదీ నానే సెప్తాను. వీదిలో ఎవులడిగినా క్యాన్సరనే సెప్పండి. అత్తా, నువ్వూ రా. అమ్మోరితో ఏం సెప్పుకోవాలో, నా పక్కన కూకుని సెప్పుకో."