కొబ్బరన్నం కేసు

"ఆ గంటె కింద పెట్టుండ్రి!"

హరిప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. ఖానాపురం హవేలి ఫంక్షన్ హాలు వెనక, పెళ్లి భోజనాలు ముగిశాక, మిగిలిన బగారన్నాన్ని గోతిలో పోస్తున్నాడు. గేటు దగ్గర స్కూటీ ఆపి ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడ దగ్గర తెల్ల బ్యాండు, చేతి మీద నల్లకోటు, కళ్లలో అరెస్టు వారెంటు.

"పెండ్లికొచ్చిన్రా మేడం? భోజనాలు అయిపోయినయి."

"అయిపోతే మరి మీరు పాతిపెట్టేదేంది?"

హరిప్రసాద్ గోతిలోకి చూశాడు. గంటెను వీపు వెనక దాచాడు.

"మంచిగున్న అన్నాన్ని మట్టిల పోస్తున్నరు. సిగ్గనిపిస్తలేదా?"

"అనిపిస్తది మేడం. దానికన్నా భయం జర ఎక్కువుంది."

ఆ భయం పేరు మొండయ్య. హరిప్రసాద్‌కి తండ్రి, క్యాటరింగుకి యజమాని. బొగ్గుబాయిలో సర్దారుగా రిటైరై ఈ వ్యాపారం పెట్టాడు. గొడవ విని ఆయనే వంటశాలలోంచి బయటికొచ్చాడు.

"బిడ్డా, మా దోస్తు బొజ్జయ్య గిట్లనే మిగిలిన అన్నం పంచిండు. ఎవరికో వాంతులైనయి. అన్నంతోటి అయినయో, ఎండతోటి అయినయో దేవునికే ఎరుక. ఆయన మాత్రం కోర్టు చుట్టూ తిరిగి తిరిగి క్యాటరింగే బంద్ పెట్టిండు. రేపు మా మీద కేసైతే ఎవరు తిరగాలె, నువ్వా?"

"అవ్ అంకుల్, నేనే. ఎట్లాగూ రోజూ ఆడికే పోత. అడ్వకేట్‌ని."

ఆమె పేరు భార్గవి. తిరుమలాయపాలెం దగ్గరి తండా నుంచి వచ్చి ఖమ్మం కోర్టులో జూనియర్‌గా చేస్తోంది. సాయంత్రాలు పెద్ద దవాఖానా పక్కనున్న షెడ్డులో భోజనాలు పెట్టిస్తుంది. భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి రోగులను తీసుకొచ్చినవాళ్లు ఆ షెడ్డులోనే ఉంటారు. రోగికి లోపల భోజనం దొరుకుతుంది. వెంట వచ్చినవాళ్ల ఆకలిని అడిగేవారు లేరు.

"కొన్ని దేశాల్ల దీనికి చట్టం ఉంది అంకుల్. మంచి మనసుతోటి అన్నమిచ్చినోళ్ల మీద కేసు నడవది. పాడైందని తెలిసి ఇస్తేనే తప్పు."

"మన దగ్గర?"

"ఎట్ల జాగ్రత్తపడాలె అనేదానికి రూల్సున్నయి. ఇచ్చినోళ్లకు అడ్డం నిలబడే గట్టి చట్టం మాత్రం ఇంకా లేదు."

"మరి అడ్డం ఎవరు నిలబడతరు?"

"చట్టం వచ్చేదాక నేను నిలబడత."

ఆ మాట మొండయ్య కోసం అన్నదే. తగిలింది మాత్రం పక్కనే గంటె పట్టుకుని నిలబడ్డవాడికి.

మొండయ్య గడ్డం గోక్కున్నాడు. బాయిలో సర్దారు కూలీలకంటే ముందు తాను దిగుతాడు. గాలి పరీక్షించి, ప్రమాదం లేదనుకుంటేనే 'రావచ్చు' అని కేకేస్తాడు. జీవితమంతా ఆ పని చేసినాయనకు ఇంకో పద్ధతి తోచలేదు.

"సరే. మా అన్నం ముందుగాల మావోడే తింటడు. తిని గంటసేపు ఆడనే కూసుంటడు. ఏం కాకుంటే అప్పుడు పంచుడు. నువ్వు పక్కన సాక్షి."

ఏ డాక్టరూ ఒప్పుకోని పరీక్ష అది. హరిప్రసాద్ మాత్రం తండ్రి తెలివికి జీవితంలో మొదటిసారి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

అలా మొదలైంది. పెళ్లి ఉన్న ప్రతి సాయంత్రం మూతపెట్టిన వేడి గిన్నెలు షెడ్డుకు వచ్చేవి. హరిప్రసాద్ ఒక్కో ముద్ద తినేవాడు. ఆ తర్వాత బెంచీ మీద ఆ చివర అతను, ఈ చివర ఆమె.

"నాకేమన్నా అయితే ఎట్ల మేడం?"

"కేసు నేనే వాదిస్త."

"ఎవరి తరఫున?"

"అన్నం తరఫున. నిన్ననే గులాబ్ జామూన్లు ఎన్ని తిన్నరో చూసిన. అవి కూడా పరీక్షకేనా?"

"డౌటొచ్చి మళ్ల మళ్ల చూసిన."

ఒకరోజు వాన కొట్టింది. షెడ్డు రేకు కారి బెంచీ ఒక చివర తడిసింది. ఇద్దరూ పొడిగా ఉన్న చోటికి జరిగారు. వాన ఆగింది, బెంచీ ఆరింది, ఎవరూ పాత చోటికి జరగలేదు.

అంతా బాగుందనుకుంటుండగా కొబ్బరన్నం వచ్చింది.

ఎండ మండిపోతున్న రోజది. హరిప్రసాద్ పెళ్లి అన్నం ముద్ద తిని, పరీక్ష గంట కోసం బెంచీ మీద కూర్చున్నాడు. భార్గవి స్కూటీ డిక్కీ తెరిచి స్టీలు డబ్బా తీసింది.

"పొద్దున లేచి నేనే వండిన. ఎప్పుడూ మీ వంటేనా? మొదటిసారి వండిన, చూడుండ్రి."

హరిప్రసాద్ మూత తీశాడు. పొద్దుటినుంచీ డిక్కీలో ఉడికిన కొబ్బరి ఏమవుతుందో క్యాటరింగు వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ముక్కు వద్దంది. ఎదురుగా ఆమె కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. ముక్కు మాట వినే వయసు కాదతనిది. ఒక ముద్ద తిన్నాడు.

"ఎట్లుంది?"

"మాటల్లేవు మేడం."

నిజమే చెప్పాడు. ఆమె తానూ ఒక ముద్ద తీసుకుందామని చెయ్యి చాపబోతే, గబగబా మొత్తం ఊడ్చి మూత బిగించేశాడు.

"అయ్యో, జర నాకు కూడా ఉంచొద్దా?"

"ఆగలేకపోయిన."

గంట ఇంకా పూర్తి కాలేదు. హరిప్రసాద్ మొహం పాలిపోయింది, చెమటలు పట్టాయి. లేచి నల్లా దగ్గరికి పరుగెత్తాడు. ఆ తర్వాతి సంగతి షెడ్డంతా విన్నది. ఖర్మకొద్దీ ఆరోజు గిన్నెల వెంట మొండయ్య కూడా వచ్చాడు.

"ఏందిరా? మన అన్నమేనా? అయిపాయె. బొజ్జయ్య లెక్కనే అయిపాయె. గిన్నెలు ఆటోల ఎక్కించు. గొయ్యి తవ్వు. ఇగ జన్మల ఎవరికీ ఒక్క మెతుకు ఇయ్య!"

పళ్లాలు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లు బిక్కమొహాలు వేశారు. హరిప్రసాద్ నల్లా పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబితే ఇంతమంది ముందు భార్గవి తల దించుకోవాలి. చెప్పకపోతే వీళ్లంతా పస్తు పడుకోవాలి. రేపటి నుంచి బెంచీ లేదు, సాక్షీ లేదు. కడుపునొప్పి కంటే ఆ బాధే ఎక్కువగా ఉంది.

"నాయినా, ఆ అన్నం కాదు. అది మంచిగనే ఉంది."

"మరి ఏం తిన్నవ్?"

హరిప్రసాద్ వంగి మళ్లీ మొహం కడుక్కోసాగాడు. వరుసలో ముందున్న ఆదెమ్మకు అంత ఓపిక లేదు. కాలు విరిగిన మొగుణ్ని భద్రాచలం అవతలి నుంచి తీసుకొచ్చిన మనిషి, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

"డబ్బల అన్నం తినె గదా, ఆ పాప తెచ్చింది! ఊపిరి బిగబట్టి మరీ మింగుతుండె. నేను చూసిన."

భార్గవి గబుక్కున డబ్బా మూత తీసింది. వెంటనే పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంకుల్, మీ అన్నం తప్పేం లేదు. తప్పు నాది. ఎండల డిక్కీల మరిచిపోయిన. కేసు పెడితే నా మీదే పెట్టాలె."

మొండయ్య నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెను చూశాడు.

"పాడైందని తెలిసి పెట్టినవా?"

"లేదంకుల్. మంచిగ తింటడని..."

"మరి నువ్వే చెప్తివి గదా బిడ్డా, మంచి మనసుతోటి పెట్టినోళ్ల మీద కేసు నడవదని? తెలిసినోడిదే తప్పని?" కొడుకు వైపు తిరిగాడు. "నీకు తెలుసారా, పాడైందని?"

"తెలుసు నాయినా."

"తెలిసి ఎందుకు తిన్నవ్?"

హరిప్రసాద్ భార్గవి చేతిలోని డబ్బా వైపు చూశాడు.

"ఆమె వండింది. అందుకే తిన్న."

"ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?" అంది భార్గవి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా.

"చెప్తే మళ్ల వండవనుకున్న. నువ్వంటే నాకిష్టం భార్గవీ. ఆ అన్నం తినేటంత ఇష్టం."

'మేడం' ఎక్కడ పోయిందో, 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియలేదు. ఆమెకు తెలిసింది. చున్నీతో మొహం తుడుచుకుంది కానీ, నవ్వు దాచలేకపోయింది.

"నాక్కూడా," అంది మెల్లగా. "కానీ ఇంకోసారి గిట్ల తింటే నిజంగనే కేసేస్త."

"మాకు అన్నం పెట్టి మాట్లాడుకోరాదుండ్రి!" అంది ఆదెమ్మ.

మొండయ్య ఆటో ఎక్కించిన గిన్నె తానే దింపాడు. కొడుకు పరీక్ష ఇక పనికిరాదు కాబట్టి తానే ఒక ముద్ద తిని బెంచీ మీద కూర్చున్నాడు. గంట దాటగానే లేచి, బొగ్గుబాయి మొత్తం వినపడేటంత గట్టిగా కేకేశాడు.

"రావచ్చు!"

హరిప్రసాద్ కడుపు కుదుటపడ్డాక, భార్గవి మళ్లీ కొబ్బరన్నం వండింది. ఈసారి పొగలు కక్కుతుండగానే తెచ్చింది. హరిప్రసాద్ చెయ్యి చాపాడు. మొండయ్య ఆ చేతి మీద ఒక్కటి వేసి డబ్బా లాక్కున్నాడు. నింపాదిగా మొత్తం తిని, గడియారం చూసుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు. తీర్పు కోసం నిలబడ్డవాళ్లలా ఎదురుగా ఇద్దరూ నిలబడ్డారు.

గంట గడిచింది. ఆయన పొట్ట తడుముకున్నాడు. తృప్తిగా త్రేన్చాడు.

"మీ అమ్మకు ఫోన్ చెయ్ బిడ్డా. ఆదివారం మేం తండాకొస్తున్నమని చెప్పు."

"ఎందుకంకుల్?" అంది భార్గవి, తెలిసి కూడా.

మొండయ్య లేచి నిలబడి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"చూసిన. అంతా మంచిగుంది. మా ఇంట్లకు రావచ్చు."