దోసకాయ కడుపులో చేప

"కనిపించిందా?"

"లేదు వదినా!"

బాబాయ్ మోచేతుల దాకా తడిసిపోయి, అద్దాల తొట్టెలో రాయి రాయీ ఎత్తి చూస్తున్నాడు. ముత్యపు చేప మాయమైంది. దాన్ని చూడ్డానికి వచ్చిన జనం అప్పుడే గేటు దగ్గర గోల చేస్తున్నారు.

ఆ చేపల ప్రదర్శనశాలకి అమ్మ పెద్ద. తొట్టెలు చూసుకునేది బాబాయ్. సెలవు రోజైతే కూతురు వసపిట్ట కూడా వాళ్ళ వెంట వచ్చేస్తుంది. ఆ పిల్ల నోరు క్షణం ఊరుకోదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరది. ఇవాళా వచ్చింది.

"చేప ఒక్కటేనా? దాని ఇల్లూ లేదుగా!" అంది అమ్మ. "పగలంతా అది సముద్ర దోసకాయ కడుపులోనే పడుకుంటుంది."

వసపిట్ట చటుక్కున వెనక గది వైపు చూసింది. సముద్ర దోసకాయ అంటే కాయ కాదు. నల్లగా, మెత్తగా ఇసుకలో పాకే జీవి. పొద్దున దాన్ని తీసింది తనే! అద్దం ముందు కుళ్ళిన కాయలా పడుందని, వలతో ఎత్తి, ఉప్పునీళ్ళున్న నీలం బకెట్లో వేసి వెనక గదిలో పెట్టింది. దాని కడుపులో ఒకరు కాపురముంటున్నారని ఎవరికి తెలుసు?

"తొట్టె కడిగి, చెత్తతో పాటు పారబోశావా?" అని అమ్మ గద్దించింది.

"అయ్యో, లేదు వదినా! వేలెడంత ఉన్నప్పటి నుంచి పెంచాను దాన్ని."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? ఆ వెనక బకెట్లు పారబోసి, తాళాలు ఇచ్చెయ్. ఈ తొట్టెలు ఇంకెవరికైనా అప్పగిస్తాను."

బాబాయ్ మొహం చిన్నబోయింది. తల దించుకుని వెనక గదిలోకి నడిచాడు.

చెబితే అమ్మ ఇంకెప్పుడూ ఇక్కడికి రానివ్వదు. వసపిట్ట పెదవి కొరుక్కుంది.

లోపల ఒక బకెట్ భళ్ళున ఒలికింది. తర్వాత ఇంకోటి.

"బాబాయ్! ఆగు! నీలం బకెట్ ముట్టుకోకు!" అంటూ పరుగెత్తింది.

వంచబోయిన బకెట్‌ను బాబాయ్ దించి, లోపలికి తొంగి చూశాడు. అడుగున దోసకాయ. ఇంతలో దాని వెనక నుంచి, అవును, సరిగ్గా తోక వైపు కన్నంలోంచే, ఒక చిన్న తల "ఎవర్రా నిద్ర చెడగొట్టింది?" అన్నట్టు బయటికొచ్చింది.

బాబాయ్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని అమ్మ వచ్చింది. "దీన్ని ఇందులో ఎవరు పెట్టారు?"

వసపిట్ట కళ్ళల్లో నీళ్ళు బాబాయ్ చూశాడు. "నేనే అయ్యుంటాను వదినా. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది."

అమ్మ నమ్మేసింది. తాళాల కోసం చెయ్యి చాచింది.

వసపిట్ట ఆ చేతికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"బాబాయ్ కాదమ్మా. దోసకాయని తీసింది నేను!"