తలుపు దొరకని ప్రాణం

బోస్నియా కొండల మధ్య, నదులు ఆకుపచ్చగా పారే చోట, వెనకటికి లెస్కా అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడ రాజును బాన్ అని పిలిచేవారు. అప్పటి బాన్ పేరు గ్రదిస్లావ్. అతనికి గొప్ప కోటలేమీ లేవు. ఒక పొడవాటి లోయ, దాని నిండా ఆల్‌బకరా తోటలు, గోధుమ చేలు, కొండవాలున గొర్రెల మందలు, అంతే. ఆ లోయకు ఒకే ఒక్క శత్రువు ఉండేది. దాని పేరు ఆల.

ఆల మబ్బుల్లో తిరిగే రాక్షసి. దానికి పాములాంటి ఒళ్ళు, ఎంత తిన్నా నిండని పొట్ట. చేలు పండే వేళకు నల్లమబ్బు కప్పుకొని వచ్చి, వడగళ్ళతో పంటను నేలమట్టం చేసి, అందులోని సారమంతా పీల్చుకుపోయేది. దాన్ని ఎదిరించగలవాడు లోయ మొత్తంలో ఒక్కడే. అతను గొర్రెల కాపరి విదోయ్.

విదోయ్‌లాంటివాళ్ళను అక్కడ స్తుహా అంటారు. ఆకాశం కమ్ముకోగానే అతనికి ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చేది. ఒళ్ళు మంచం మీద ఉండగా, ప్రాణం బూడిదరంగు సీతాకోకచిలుకలా నోట్లోంచి ఎగిరిపోయేది. కొండమీదికి చేరాక అది మనిషి ఆకారం దాల్చి, దేవదారు చెట్టునొకదాన్ని వేళ్ళతో సహా పెరికి, ఆలను బాది తరిమేది. పని ముగిశాక తిరిగొచ్చి నోట్లో దూరేది. అప్పుడు విదోయ్ లేచి, ఒళ్ళంతా నొప్పులని మూలుగుతూ రెండు గిన్నెల పెరుగు తాగేవాడు. సంగతి తెలియని చిన్నపిల్లలు అతన్ని నిద్రపోతు అని ఏడిపించేవారు.

అతనికి తల్లిలేని కూతురు ఒకతె ఉంది. పేరు దున్యా, వయసు పద్నాలుగు. తండ్రి ఆమెకు ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. "నేను నిద్రపోయాక నన్ను కదపకు తల్లీ. తల ఉన్నచోటికి కాళ్ళు వచ్చాయంటే నా ప్రాణానికి తలుపు దొరకదు."

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన వచ్చింది. విదోయ్ పడుకున్నాడు. కప్పులో ఒక చెక్క జారిపోయి, చల్లటి నీళ్ళు ధారగా అతని ముఖం మీద పడసాగాయి. దున్యా గుడ్డ అడ్డం పెట్టింది, తడిసిపోయింది. గిన్నె పట్టుకుంది, చేతులు పడిపోయాయి. తండ్రి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే ఇక చూడలేక, మంచాన్ని పట్టుకొని అటుది ఇటు తిప్పేసింది.

కాసేపటికి వాన వెలిసింది. కిటికీలోంచి బూడిదరంగు సీతాకోకచిలుక వచ్చింది. తండ్రి పాదాల చుట్టూ తిరిగింది, గోడకు కొట్టుకుంది, మళ్ళీ తిరిగింది. దున్యా గబగబా మంచాన్ని యథాస్థానానికి లాగేలోపే అది కిటికీలోంచి వెళ్ళిపోయింది.

విదోయ్ ఊపిరి తీస్తూనే ఉన్నాడు, కానీ కళ్ళు తెరవలేదు. దున్యా జరిగింది ఎవరికీ చెప్పలేదు. ఆ తరువాత మూడు వారాల్లో ఆల మూడుసార్లు వచ్చింది. గోధుమలు పోయాయి, ద్రాక్షతీగలు పోయాయి, లోయలో సగం తోటలు మోడులయ్యాయి. విదోయ్‌ను లేపినవారికి కోరినది ఇస్తానని బాన్ చాటింపు వేయించాడు. వైద్యులు వచ్చారు, చూశారు, తలలు అడ్డంగా ఊపి వెళ్ళారు.

చివరకు మంత్రసాని మ్రావా అవ్వ వచ్చింది. ఆమె గరిటెలో సీసం కరిగించి, విదోయ్ తల పైన పట్టిన చల్లని నీళ్ళ గిన్నెలో పోసింది. సీసం బుస్సుమని గడ్డకట్టింది. అవ్వ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ప్రాణం పోలేదు, దారి తప్పింది. వ్రానా కొండ మీద వీలల దగ్గరుంది," అంది. వీలలంటే కొండల్లో ఉండే తెల్లబట్టల దేవకన్యలు. "ప్రాణం లేని ఒళ్ళు నలభై రోజులు ఆగుతుంది. ఇరవై ఎనిమిది అయిపోయాయి." తరువాత దున్యా వైపు చూసింది. "మంచం ఎవరు తిప్పారు పిల్లా?"

దున్యా తండ్రి దుప్పటి అంచు సర్దసాగింది.

"నాకు చెప్పక్కర్లేదులే. చెప్పాల్సినవాళ్ళకి చెప్పుకో. ఇదొక్కటి గుర్తుంచుకో. వీలల కాళ్ళకి మేక గిట్టలుంటాయి. అవి ఎవరైనా చూస్తే వాళ్ళకి మహా కోపం. తల దించకుండా మాట్లాడు."

దున్యా ఉన్ని దుప్పటి భుజాన వేసుకొని, రొట్టె, జున్ను మూటగట్టుకొని అప్పుడే బయలుదేరింది.

మూడు రోజులు ఎండిన రాతిగుట్టల మీద నడిచింది. ఎక్కడా నీటిచుక్క లేదు. మూడోనాటి సాయంకాలానికి ఒక ఊట కనిపించింది. దాని పక్కన బండ మీద, మడమల దాకా జుట్టున్న వీల ఒకతె కూర్చుని ఉంది. దున్యా ఆమె ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు.

"తాగాలంటే తాగు," అంది వీల. "గుర్రమైతే నాలుగు కాళ్ళు ఇవ్వాలి, మనిషైతే రెండు కళ్ళు. ఇది నా నీళ్ళ సుంకం."

"ఊట నీది. గడ్డి మీద పడే మంచు కూడా నీదేనా?"

"మంచు ఆకాశానిది. దానితో నాకేం పని?"

దున్యా ఆ రాత్రికి దుప్పటిని గడ్డి మీద పరిచి, పక్కన ముడుచుకుని పడుకుంది. తెల్లవారేసరికి ఉన్ని మంచుతో బరువెక్కింది. దాన్ని పిండి కడుపునిండా తాగింది. వీల కొంచెం చిరాకు పడింది, కొంచెం నవ్వింది.

"కళ్ళతోనే వెళ్తున్నావు కాబట్టి చెబుతున్నా. మా వాళ్ళు ఆడే పచ్చిక కొండశిఖరాన ఉంది. అక్కడికి దారి కుక్కతలవాడనే రాక్షసుడి గుహలోంచే. గుహ ముందు చోసో అనేవాడి పిండిమర ఉంటుంది. వాడి మాట నమ్మకు."

అన్నట్టే మధ్యాహ్నానికి వాగు మీద మర కనిపించింది. నీటిచక్రం తిరుగుతోంది. తిరగలిలోకి గింజలు రాల్చే చెక్క గిలక టకటకమని కొట్టుకుంటోంది. గడ్డంమీద ఒక్క వెంట్రుక కూడా లేని చోసో, పిండి పట్టిన చేతులతో ఎదురొచ్చాడు.

"రా తల్లీ, రా! గుహలోకేగా? ఏం భయంలేదు. వాడికి ఇనుప పళ్ళు, ఒకే కన్ను, పెద్ద చెవులు. మధ్యాహ్నం మొద్దునిద్ర పోతాడు. చెప్పులు విప్పి, పిల్లిలా వెళ్ళిపో."

దున్యా అతని ముఖంలోకి చూసింది. "పిండి ఆడితే నువ్వెంత తీసుకుంటావు తాతా?"

"చిటికెడు! అంతకు మించి ముట్టను." అతని వెనక గదిలో బస్తాలు దూలాల దాకా పేర్చి ఉన్నాయి.

అతని మాటను తిరగేస్తేనే నిజం దొరుకుతుందని దున్యాకు అర్థమైంది. "మరి లోపలికి ఏం తీసుకెళ్ళకూడదు?" అని అడిగింది.

"చప్పుడు చేసేది ఏదీ వద్దు. ఇదిగో, ఈ గిలకలాంటిది అసలే వద్దు. దానివైపు చూడను కూడా చూడకు," అంటూ చోసో ఆమెను కాసేపు కూర్చోబెట్టాలని, రొట్టె తేవడానికి లోపలికి వెళ్ళాడు. అతను అటు తిరగగానే దున్యా గిలకను ఊడబెరికి పరుగు తీసింది.

"దొంగా! నా మర ఆగిపోయింది!" అని వెనకనుంచి కేకలు వినిపించాయి.

"వచ్చేటప్పుడు ఇస్తాను తాతా!" అని అరిచి ఆమె గుహలో దూరింది.

లోపల కుళ్ళిన ఎముకల కంపు. నూరడుగులు వేసిందో లేదో, చీకట్లో ఒంటికన్ను నిప్పులా వెలిగింది. కుక్కతలవాడు నిద్రలో లేడు. ఇనుప పళ్ళు కొరుకుతూ నేరుగా ఆమె మీదికి వచ్చాడు. దున్యా చెప్పులతో నేలను దబదబా తొక్కుతూ గిలకను ఆపకుండా ఆడించింది. ఆ చప్పుడు గోడలకు తగిలి పదింతలైంది. కుక్కతలవాడు కుయ్యిమని, చెవులు మూసుకొని ఒక మూల ముడుచుకుపోయాడు. ఆమె అతన్ని దాటి, గిలక ఆపకుండా, అవతలి వెలుతురులోకి వచ్చి పడింది.

అక్కడినుంచి ఒక రోజు ఎక్కితే పచ్చిక. వీలలు చేతులు పట్టుకొని గుండ్రంగా ఆడుతున్నారు. వాళ్ళు అడుగులు వేసినచోట గడ్డి ముదురుపచ్చగా మారుతోంది. వలయానికి అవతల, దేవదారుకు ఆనుకొని విదోయ్ కూర్చున్నాడు. నడివయసు నొప్పులేవీ లేని, పాతికేళ్ళ విదోయ్. కూతుర్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

పెద్ద వీల ఆట ఆపింది. "మేమితన్ని కట్టేయలేదు పాపా. ఇంటికెళ్తే తలుపు వేసి ఉందని వచ్చాడు, చోటిచ్చాం. వస్తానంటే తీసుకుపో."

"నాన్నా, పద ఇంటికి."

"ఎవరింటికి?" అన్నాడు విదోయ్. "ఇరవై ఏళ్ళు ఆ లోయ కోసం దెబ్బలు తిన్నాను. అలసిపోయి వస్తే నా ఇంట్లోనే నాకు తలుపు మూశారు. నిద్రపోతు పీడ వదిలిందనుకున్నారు కాబోలు."

దున్యా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎవరూ మూయలేదు. మంచం నేనే తిప్పాను."

విదోయ్ ఆమె వైపు తిరిగాడు. "కదపొద్దని చెప్పానా?"

"చెప్పావు."

"మరి?"

"నీళ్ళు నీ ముఖం మీద పడుతున్నాయి. నీకు ఊపిరాడలేదు. నేను చూడలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు కూడా. అప్పటినుంచి ఆల మూడుసార్లు వచ్చింది నాన్నా."

విదోయ్ లేచి వచ్చి ఆమె జుట్టులో ఇరుక్కున్న దేవదారు ఆకులు ఒక్కొక్కటే తీశాడు. "ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా?" అన్నాడు. అంతలోనే అతని ఆకారం కరిగి, బూడిదరంగు సీతాకోకచిలుక ఆమె అరచేతిలో వాలింది.

"దారి మరిచిన ప్రాణం తనంతట తాను చేరలేదు. పిడికిట్లో తీసుకెళ్ళు," అంది పెద్ద వీల.

తిరుగు ప్రయాణం ఏడు రోజులు. గుహలో గిలకను ఎడమచేత్తో ఆడించింది. మర దగ్గర దాన్ని గుమ్మంలో పెడితే చోసో తిట్లకు లంకించుకున్నాడు. ఊట దగ్గర మళ్ళీ మంచే పిండుకుంది. కుడి పిడికిలి గట్టిగా బిగిస్తే నలుగుతుందని, వదులు చేస్తే ఎగిరిపోతుందని భయం. వేళ్ళు కొయ్యబారాయి. పడుకునేటప్పుడు పిడికిలికి గుడ్డ చుట్టుకునేది.

నలభయ్యో రోజు మధ్యాహ్నం చివరి కొండ ఎక్కేసరికి లోయ మీద నల్లమబ్బు దిగుతోంది. పిడికిట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "చెయ్యి తెరువు తల్లీ."

"ముందు ఇంటికి వెళ్దాం నాన్నా. ఈ రోజు దాటితే..."

"మిగిలిన తోటలు కూడా పోతే లోయ ఏం తింటుంది? నువ్వు ఒంటి దగ్గరికి పరుగెత్తు. నన్ను పిలుస్తూ ఉండు. నీ గొంతు ఎక్కడుంటే అక్కడికి వస్తాను."

దున్యా చెయ్యి తెరిచింది. అంతకుముందెన్నడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తింది.

దిగువన జనం విదోయ్‌ను చెక్కపలక మీద శ్మశానానికి మోసుకెళ్తున్నారు. ఉదయం నుంచి ఊపిరి ఆడడం లేదని, ఇక పోయినట్టేనని అనుకున్నారు. బాన్ కూడా వెంట నడుస్తున్నాడు. అంతలో కోడిగుడ్లంత వడగళ్ళు మొదలయ్యాయి. మోసేవాళ్ళు పలకను నేలమీద వదిలి చెట్ల కిందికి పరుగెత్తారు. బాన్ ఒక్కడే నిలబడ్డాడు.

"ప్రభూ, పట్టండి! తల ఇంట్లో మంచం మీద ఉన్నవైపే ఉండాలి!" అని అరుస్తూ వచ్చింది దున్యా. ఇద్దరూ పలకను తిప్పారు. ఆమె తండ్రి ముఖం మీది గుడ్డ లాగేసింది. వడగళ్ళు ఆ ముఖాన్ని చీరేస్తున్నాయి.

"చెట్టు కిందికి లాగుదాం!" అన్నాడు బాన్.

"వద్దు! కదపొద్దు!"

ఆమె మోకాళ్ళ మీద వంగి, తన వీపును తండ్రి ముఖానికి కప్పుగా చేసింది. వడగళ్ళు వీపు మీద రాళ్ళలా పడ్డాయి. "నాన్నా! ఇక్కడ! ఇక్కడ!" అని పిలుస్తూనే ఉంది. బాన్ తన అంగరఖా విప్పి ఆమె మీద పట్టుకున్నాడు. పైన మబ్బుల్లో చెట్టు విరిగినట్టు ఫెళఫెళమంది. పెద్ద అరుపు వినిపించింది. మబ్బు రెండుగా చీలి, పొడవాటి నల్లటి ఒళ్ళొకటి కొండకు అవతల పడిపోయింది. వడగళ్ళు ఆగాయి.

దున్యా గొంతు పోయింది. అయినా గుసగుసగా పిలుస్తూనే ఉంది. రెక్క చినిగిన సీతాకోకచిలుక ఒకటి తూలుతూ వచ్చి, ఆమె చెంపకు తగిలి, విదోయ్ పెదవుల మధ్య దూరింది. విదోయ్ దగ్గాడు. కళ్ళు తెరిచాడు. "పెరుగుందా?" అన్నాడు.

జనమంతా చుట్టూ చేరారు. బాన్ దున్యాతో, "కోరినది ఇస్తానన్నాను. అడుగు," అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "నాకేమీ వద్దు ప్రభూ. ఆయన మంచం తిప్పింది నేనే. మూడు వడగళ్ళ వానలకూ కారణం నేనే."

చేలన్నీ పోయిన ముసలి రైతు బ్రాత్కో ముందుకు వచ్చాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. రక్తం చిమ్మిన వీపును చూశాడు.

"మూడు వానలకి మూడు కోతలు," అన్నాడు. "మూడేళ్ళు పంటకోతలకి మా చేలో పనికి రా. చెల్లు."

"వస్తాను," అంది దున్యా.

మూడేళ్ళు వెళ్ళింది. ఆల మరి రాలేదు. తోటలు చిగిర్చాయి, పిల్లలు విదోయ్‌ను ఏడిపించడం మానేశారు. ఇంకొన్నేళ్ళకు సంతానం లేని బాన్ గ్రదిస్లావ్ కాలం చేశాడు. అతని పీఠం మీద ఎవరిని కూర్చోబెట్టాలా అని పెద్దలు సమావేశమయ్యారు. ఒకరు ఒక పేరు చెబితే మరొకరు కాదన్నారు. పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. చివరకు బ్రాత్కో కర్ర ఊతంతో లేచాడు.

"విదోయ్ కూతురు మూడేళ్ళు నా పక్కన కొడవలి పట్టింది," అన్నాడు. "ఒక్క పూట కూడా ఆలస్యంగా రాలేదు. నాకింక వేరే ఎవరూ అక్కర్లేదు."

అలా దున్యా లెస్కాను ఏలింది. చాలాకాలం ఏలింది, బాగా ఏలింది.