కోసాడ్ దయ్యం బండి

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మే నెలలో సూరత్‌లో అంబులెన్స్ కూత వినపడని గంట లేదు. పర్వత్ పాటియాలో, మూతపడ్డ చీరల దుకాణం పైన ఉన్న డిటెక్టివ్ ఆఫీసులో సహాయకురాలిగా పనిచేసే నళినికి ఆ కూతలు అలవాటైపోయాయి. అలవాటు తప్పినది మెట్ల మీద మనిషి అడుగుల చప్పుడు. అందుకే ఎవరో పరుగున పైకి వస్తున్న అలికిడి కాగానే ఆమె కుర్చీలోంచి లేచింది.

వచ్చినామెకు ముప్పై ఏళ్లుంటాయి. మాస్క్ చెమటకు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. కుర్చీ చూపించినా కూర్చోకుండా ముందు తలుపు మూయమంది.

"మా ఆయన్ను చంపేస్తరు సారు. పోలీసులు కాదు, మా కాలనీవోళ్లే."

కిటికీ దగ్గర నిలబడ్డ దశరథ ఇటు తిరిగాడు. ప్రైవేట్ డిటెక్టివ్ కాకముందు ఆయన పాండేసరలోని ఒక మిల్లులో ఇరవై రెండేళ్లు ఫోల్డింగ్ విభాగంలో పనిచేశాడు. వెలుగుతున్న బల్ల మీదుగా పరుగెత్తే గుడ్డలో పోగు తప్పితే పట్టుకోవడమే అక్కడ ఆయన ఉద్యోగం. గుడ్డ పోయి మనుషులు వచ్చారు గానీ పని మారలేదని నళిని అందరితోనూ గొప్పగా చెప్పుకునేది.

ఆమె పేరు కరుణ. ఉండేది తెలుగు పనివాళ్ల కోసాడ్ కాలనీలో మూడో అంతస్తు. భర్త లింగం పాండేసరలో బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లు పనివాడు. మార్చిలో సిటీ బస్సులు ఆగిపోవడంతో మిల్లుకు పోయే దారి లేక ఎలక్ట్రిక్ బండి కొందామనుకున్నారు. నెల రోజులు దుకాణాలు తిరిగారు. లింగం మనసు జోరుగా పోయే ఎర్ర బండి మీద పడింది. కరుణ ఒప్పుకోలేదు. నెమ్మదిగా పోయే పచ్చ బండికైతే లైసెన్సు అక్కర్లేదు, బ్యాటరీ ఊడదీసి చేత్తో పట్టుకుపోవచ్చు. వాళ్ల బ్లాకులో కింద ప్లగ్గు లేదు. నడిపేది నువ్వు, మూడంతస్తులు మోసేది నేను అని, ప్రతి దుకాణంలోనూ బ్యాటరీ ఎత్తి చూసి మరీ ఎంచింది.

అంతా బాగానే ఉంది, బండికి చప్పుడే లేదు. సందులో పోతుంటే దగ్గరికొచ్చేదాకా ఎవరికీ తెలియదు. పిల్లలు జడుసుకున్నారు. పక్కింటి బుచ్చవ్వ చేతిలో పాలగిన్నె ఒలికిపోయింది. దయ్యం బండి అని పేరు పెట్టారు.

మొన్న పొద్దున ఆరుంబావుకు, కర్ఫ్యూ ఎత్తేసిన కాసేపటికే, సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాకు నడిచి పోతున్న సాంబయ్య అనే పెద్దమనిషి మురికికాలువ పక్కన చచ్చి పడున్నాడు. లింగం బండి గుద్దేసి పారిపోవడం కళ్లారా చూశానని తోటి పనివాడు లస్మయ్య చెప్పాడు. సరిగ్గా ఆ వేళకే లింగం పనికి బయలుదేరాడు, అవతలి గేటు నుంచి పోయానంటే నమ్మేవాళ్లు లేరు. ఆ మధ్యాహ్నమే బండి సీటు ఎవరో కోసేశారు. మర్నాడు కిటికీ మీద రాయి పడింది.

"ఈ పొద్దు తలుపు తీస్తే గడప మీద కిరసనాయిలు పోసి ఉంది సారు," అంది కరుణ. "అంటియ్యలేదు. పోసి పోయిండ్రు."

బండితో సహా రేపు పదింటికి తయారుగా ఉండమని, స్టేషన్‌కు తీసుకుపోతానని ఎస్సై లింగానికి చెప్పాడట. అప్పటిదాకా లింగం ప్రాణానికి పూచీ ఎవరన్నది ఆమె భయం. భర్త మాట నమ్ముతున్నావా అని దశరథ అడిగాడు.

"నమ్మిన సారు. కని ఆ బండిని ఎంచింది నేను. అది మనిషిని చంపిందంటె, చంపింది నేను గాదా?"

దశరథ తలుపు తీసి పదమన్నాడు.

కోసాడ్‌లో వాళ్లు ఆటో దిగేసరికి కిటికీలన్నిటిలోనూ మనుషులున్నారు. మాస్కుల పైనుంచి కళ్లు మెట్లదాకా వెంట వచ్చాయి. నళిని నాలుగేళ్లుగా ఈ పనిలో ఉంది గానీ, వట్టి చూపులకు అంత భయపడటం అదే మొదటిసారి.

మూడో అంతస్తులో గడప ఇంకా కంపు కొడుతోంది. దశరథ వంగి, చెక్క సందులోంచి సగం కాలిన అగ్గిపుల్ల ఒకటి తీసి, చూసి, జేబులో వేసుకున్నాడు. లోపల లింగం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. వాళ్లను చూసి, గుద్దలేదన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

కింద బండి ముందు మడ్‌గార్డుకు పగులుంది. అదే పెద్ద సాక్ష్యమని కాలనీ మొత్తం చెప్పుకుంటోంది. దశరథ గోటితో గీకితే పగులు లోపలినుంచి పాత రంగుమట్టి రాలింది. పాండేసర మిల్లుల ముందు గుంటల్లో ఉండే మట్టి అది.

"నళినమ్మా, ఓ బండి కొనాలె, ఓ బండి కొనాలె అని నా పానం తీస్తున్నవు గద, నడిపి సూడు," అన్నాడు.

కరుణ బ్యాటరీ తెచ్చి బిగించింది. నళిని సందు చివరిదాకా పోయి వెనక్కి తిరిగింది. పిడి తిప్పితే చాలు, కుదుపు లేకుండా బండి సాగిపోతోంది. ఎండలో ముఖానికి తగిలే గాలి హాయిగా ఉండి, ఒక్క నిమిషం తను వచ్చిన పని మరిచిపోయింది. ముందు ఒక ముసలాయన నడుస్తున్నాడు. తప్పుకుంటాడనుకుంది, తప్పుకోలేదు. బ్రేకు వేసేసరికి చక్రం ఆయన మడమకు జానెడు దూరంలో ఆగింది. ఆయన అప్పుడు గానీ ఉలిక్కిపడి తిరిగి చూడలేదు. దయ్యం బండి అని ఎందుకన్నారో అర్థమైంది.

సాంబయ్య భార్య కనకవ్వ గదిలో మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు. కిరసనాయిలు డబ్బా మూలన బోర్లా పడి ఉంది. ఆమె ఏడవకుండా, అడిగిందానికల్లా జవాబు చెప్పింది. దెబ్బ తల వెనక తగిలింది. కాళ్లు, మోకాళ్లు, మోచేతులు తనే కడిగింది, ఎక్కడా గీత లేదు. మాస్క్ ముక్కు మీదికి కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉంది. చనిపోయే ముందు రెండు రోజులు ఆయన సరిగా తినలేదు. కార్ఖానాలో ఎవరిదో వేలు సాంచెలో నలిగిందట.

"ఇయ్యాల కార్ఖానా మాస్టర్‌కు చెప్పుడే అనుకుంట పోయిండు. ఏం చెప్తడో నేను అడగలె," అంది.

లస్మయ్య మెట్ల కింద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. భార్య ఊళ్లో ఉంటుంది, ఇక్కడ ఒంటరి బతుకు. సాంబయ్య పక్క సాంచె ఆయనదే, ఇరవై ఎనిమిదేళ్లుగా. దశరథ దూరంగా నిలబడి ఏదో అడిగితే బదులివ్వకుండా ముఖంలోకి చూశాడు.

"జర మాస్క్ దించుండ్రి సారు. మొగం కనపడకుంటె గోడతోని మాట్లాడినట్టుంటది."

నళినికి ఒళ్లు మండింది. ఊరు ఊరంతా ఊపిరాడక చస్తుంటే ఈయనకు మర్యాదలు కావలసి వచ్చాయి. దశరథ మాత్రం మాస్క్ గడ్డం కిందికి లాగాడు.

"నువ్వు యాడున్నవు అప్పుడు?"

"సాంబన్న కంటె పదడుగులు ముందల పోతున్న."

"మరి ఎనక జరిగింది ఎట్ల సూసినవ్?"

"ఎనకనుంచి బండి సప్పుడు ఇనపడ్డది. ఎవడా అని తిరిగిన. లింగం బండి ఆయనను గుద్దింది, ఆగకుండ పోయింది. కండ్లార సూసిన సారు."

బండి ఎటు పోయిందని నళిని పక్కనుంచి అడిగింది. ఆయన ఆమెవైపు తల కూడా తిప్పలేదు. ఆడదాని ప్రశ్నకు జవాబెందుకనుకున్నాడు కాబోలని ఆమె పళ్లు నూరుకుంది. ఆ చప్పుడు సంగతి ఎస్సై రాసుకున్న వాంగ్మూలంలో లేదు. బండి వచ్చింది, గుద్దింది, పోయింది అని మాత్రమే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన అబద్ధమాడుతున్నాడని నళిని గట్టిగా అంది. అది తెలిసిందేనని, ఎందుకాడుతున్నాడో తెలియాలని దశరథ అన్నాడు. కాలనీలో నమ్మకస్తులైన ఇద్దరిని లింగం గుమ్మం ముందు కాపలా పెట్టే వచ్చాడు గానీ, నళినికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు పదింటికి బ్లాకుల మధ్య ఖాళీ జాగాలో కుర్చీలు దూరదూరంగా వేయించాడు. అన్నీ ఒకే వైపుకు, సందుకు వీపు పెట్టి. ఎస్సై, కనకవ్వ, లస్మయ్య, బుచ్చవ్వ, కాలనీ పెద్దలు కూర్చున్నారు. చివర లింగం, పక్కన కరుణ. దశరథ అందరికీ ఎదురుగా, మాస్క్ దించి నిలబడ్డాడు. ఎస్సైకి హిందీలోనూ, మిగతావాళ్లకు తెలుగులోనూ చెప్పసాగాడు.

మడ్‌గార్డు పగులు పాతదన్నాడు. బండి వెనకనుంచి గుద్దితే కాళ్లకు దెబ్బ తగలాలి, సాంబయ్య కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో ఎదురుగా నిలబడి నెడితే వెల్లకిలా పడి తల వెనక పగిలిన చావు అది. కాలనీవాళ్లు గొణుక్కున్నారు. ఇంతకీ చూసినవాడు చూశానంటున్నాడు కదా అని ఎస్సై విసుక్కున్నాడు.

సరిగ్గా ఆ మాటకే వెనక సందులో ఉన్న నళిని పచ్చ బండి పిడి తిప్పింది. ఒక్క తలా తిరగలేదు. ఎస్సై కుర్చీ వెనక అడుగు దూరంలో ఆపి భుజం తడితే ఆయన అదిరిపడ్డాడు.

తర్వాత ఆమె చెయ్యెత్తింది. సందు మొదట్లో, రాత్రి కాపలా కాసిన ఇద్దరిలో ఒకడైన రాములు తన పాత పెట్రోల్ మోటార్‌సైకిల్‌ను తన్ని లేపాడు. దానికి సైలెన్సర్ లేదు. ఫెళఫెళమని గోడలు అదిరాయి. నళిని కళ్లముందున్న తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. ఒక్క మెడ మాత్రం కదలలేదు. లస్మయ్య నిమ్మళంగా దశరథ ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

బండి ఆగింది. దశరథ మాస్క్ ముక్కు మీదికి లాక్కున్నాడు.

"లస్మయ్యా, మీ ఊరేది?"

"కండ్లార సూసిన సారు," అన్నాడు లస్మయ్య.

ఎవరూ నవ్వలేదు. నిన్న తన ప్రశ్నకు ఆయన తల తిప్పకపోవడం పొగరు కాదని నళినికి అప్పుడు తెలిసింది.

దశరథ మాస్క్ దించి, నెమ్మదిగా, ఆయనకు కనబడేలా చెప్పాడు. సాంచెల హోరులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేస్తే చెవులు మిగలవు. అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు గనక లస్మయ్య చెవులు పోయాయని బయట ఎవరికీ తెలియలేదు. మాస్కులు వచ్చాయి, పెదవులు మూతపడ్డాయి. సాంచె ఆపమని సాంబయ్య అరిచినా వినపడక, పక్కవాడి వేలు నలిగింది. చెవిటివాణ్ని కార్ఖానాలో ఉంచరు. సాంబయ్య మాస్టర్‌కు చెప్పబోయేది అదే.

"లేని చెవులు ఉన్నయని చూపించుకోవాలె గనక సప్పుడు ఇన్ననన్నవు," అన్నాడు దశరథ. "ఆ బండికి సప్పుడే లేదని ఈ కాలనీల చిన్నపిల్లలకు గూడ ఎరుక. ఒక్క నీకే ఎరుక లేదు. నీకు ఏ బండికీ సప్పుడు లేదాయె. దయ్యం బండి అని నెలనుంచి అందరు అంటనే ఉన్నరు. కని మాస్కుల ఎనకనుంచి అన్నరు."

లస్మయ్య నేల చూస్తూ చెప్పాడు.

"చెప్పకన్నా అని కాళ్లు పట్టుకున్న. ఇంకొకని చెయ్యి పోతె ఎట్లరా అన్నడు. ఆ మాటకు మాత్రం మాస్క్ దించి అన్నడు, మల్ల కట్టుకున్నడు. పోతుంటె రొమ్ము మీద చెయ్యేసి ఆపిన. నూకిన. పడ్డడు." తన అరచేతులు చూసుకున్నాడు. "పడ్డంక కండ్లు తెరిచి ఏదో అన్నడు సారు. మాస్క్ కదిలింది. ఏమన్నడో నాకు తెల్వది."

కనకవ్వ లేచి ఆయన ఎదురుగా వచ్చింది. తన మాస్క్ కిందికి దించింది.

"దించి సూడకపోయినవా?" అని అడిగింది.

ఆ మాట లస్మయ్యకు అందింది. ఎస్సై ఆయన్ను జీపు ఎక్కించేదాకా కనకవ్వ అక్కడే నిలబడి ఉంది.

జనం చెదిరిపోయారు. నిన్న కిటికీల్లోంచి చూసినవాళ్లు ఇవాళ లింగం ముఖం చూడలేక తలలు వంచుకుని పోయారు. దశరథ, నళిని సెలవు తీసుకుందామని మూడో అంతస్తు ఎక్కేసరికి కరుణ గడప ముందు కనకవ్వ బకెట్ పెట్టుకుని సబ్బునీళ్లతో చెక్క తోముతోంది. కరుణ ఆమె చేయి పట్టుకుని వద్దంటోంది.

"పోసింది నేనే బిడ్డా," అంది కనకవ్వ, తోమడం ఆపకుండా. "పుల్ల గూడ గీకిన. లోపట నీ మొగడు ఏడుస్తున్నది ఇనపడ్డది. నా మొగనికోసమే ఏడుస్తున్నడు, పేరు పెట్టి. ఊదేసిన."

కరుణ చేయి వదలలేదు. గడప పక్కనే కూలబడి, మూడు రోజులుగా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది.

దశరథ జేబులోంచి సగం కాలిన అగ్గిపుల్ల తీశాడు. ఆయనకు నిన్ననే తెలుసని నళిని గ్రహించింది. ఆయన దాన్ని బకెట్‌లోని మురికినీళ్లలో పడేసి, మెట్లు దిగసాగాడు.