బోయన్‌కి పడనివి

"మా వాడి వాల్‌నట్ ఎక్కడికి పోయింది?"

కమెన్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. గుమ్మంలో వానకి తడిసిన కోటుతో ఒకమ్మాయి, చేతిలో వంటింటి లిస్టు. బల్గేరియాలో, ప్లొవ్‌దివ్ ఊళ్లోని ఆ పిల్లల బడికి, పిల్లల వివరాలు దాచే ప్రోగ్రామ్ రాసిపెట్టేది అతనే.

"వాల్‌నట్లు కావాలంటే వంటింట్లో అడగాలండీ," అన్నాడు నవ్వుతూ.

"అక్కణ్ణుంచే వస్తున్నా. ఇవాళ మధ్యాహ్నం వాల్‌నట్ కేకంట. మా బోయన్‌కి అది పడదు, గొంతు వాచి ఊపిరాడదు. ఇన్నాళ్లూ లిస్టులో వాడి పేరు పక్కన ఆ మాట ఉండేది. ఇవాళ లేదు. వంటచేసే స్తెఫ్క పిన్ని, కంప్యూటరే తినొచ్చంది కదా అంటోంది."

అతని నవ్వు ఆగిపోయింది. బోయన్ రికార్డు తెరిచాడు. అందులో పేరు, గ్రూపు తప్ప ఇంకేం లేవు.

"నిన్న వాణ్ణి పెద్ద గ్రూపులోకి మార్చాను. గ్రూపు ఒక్కటే మార్చమనాల్సింది. నేను పేరూ గ్రూపూ రాసి, పాత రికార్డు తీసేసి ఇది పెట్టమన్నాను. మిగతావన్నీ పోయాయి. తప్పు నాదే."

"చొక్కాకి గుండీ మార్చమంటే, చొక్కా తీసేసి గుండీ తగిలించారన్నమాట."

"అంతే. ఇప్పుడే సరిచేస్తాను."

బోయన్ తల్లి రలిత్స కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కోపంగా ఉన్నా, తెర మీద అక్షరాలు ఆమెని లాగుతున్నాయి.

"ఇంతమందిలో మా వాణ్ణెలా పట్టుకున్నారు?"

"బోయన్ అనే పేరున్న రికార్డు చూపించమని కోడ్‌లో అడిగాను."

"ఉన్నదేనా, లేనిది కూడా అడగొచ్చా? ఫలానా గడి లేనివాళ్లెవరని?"

"అడగొచ్చు. ఈ డేటాబేస్‌లో ఒకరికున్న గడి ఇంకొకరికి ఉండాలని లేదు. ఎందుకు?"

"చేర్చేటప్పుడు పడనివేమిటో అందరిచేతా రాయిస్తారుగా. ఏమీ లేకపోతే 'ఏమీ లేవు' అని. అసలా గడే లేదంటే, పోయినట్టే కదా."

కమెన్ వేళ్లు ఆగాయి. అతను ఒక్క బోయన్ గురించే ఆలోచిస్తున్నాడు. ఆమె చెప్పినట్టే అడిగితే, తెర నిండా పిల్లల పేర్లు వచ్చాయి, నిన్న అతను గ్రూపు మార్చినవాళ్లందరివీ.

"ముందు పిన్నికి ఫోన్ చెయ్యండి. కేకు ఎవరికీ పెట్టొద్దనండి," అంది రలిత్స.

ఫోన్ పెట్టేసి, ఈ మార్పులకి ముందు మొన్న దాచిపెట్టిన రికార్డుల కాపీ తెరిచాడు.

"ఈసారి ఏమని రాస్తున్నారు?"

"పడనివి, ఫోను నంబరు, ఇలా పోయిన గడులు మాత్రమే పెట్టు, ఉన్నవి ముట్టుకోకు అని."

"ముందు మా వాడి మీద చేసి చూడండి. సరిగ్గా ఉంటేనే మిగతావాళ్లకి."

వాల్‌నట్ వచ్చింది. కొత్త గ్రూపు అలాగే ఉంది. ఆ తర్వాతే మిగతా పిల్లలవి సరిచేశాడు. అప్పుడు చూసిందామె, సరిచేసిన ఒక్కో పేరునీ అతను మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాడు.

"మీకూ భయమేసిందా?"

"ఇంకా వేస్తూనే ఉంది."

భయపడే మగవాణ్ణి ఆమె చూసి చాలాకాలమైంది. బోయన్ తండ్రి దేనికీ భయపడేవాడు కాదు, దేనికీ పక్కన ఉండేవాడూ కాదు. ఒకరోజు వెళ్లిపోయాడు.

ఆ పూట కమెన్ కాఫీకి పిలిస్తే పనుందంది. మరోసారి పిలిస్తే బోయన్‌తో వచ్చింది. ప్రతి బిస్కెట్ పాకెట్టూ వెనక్కి తిప్పి చదివేది. తన కన్నతల్లి పెట్టినా తను రుచి చూడందే వాడి నోట్లో పడనిచ్చేది కాదు. కమెన్ ఎప్పుడూ నొచ్చుకోలేదు, తిప్పి చదివి తనే చేతికిచ్చేవాడు. వేసవికల్లా "మీరు" పోయి "నువ్వు" వచ్చింది.

ఒక ఆదివారం వాళ్లిద్దర్నీ తన ఇంటికి తీసుకెళ్లాడు. కమెన్ వాళ్లమ్మ, పల్చటి పిండి పొరల మధ్య జున్ను పెట్టి కాల్చిన వేడివేడి బనిత్స ముక్క కోసి పిల్లాడి ముందు పెట్టింది. బోయన్ అలవాటు కొద్దీ తల్లి వంక చూశాడు.

"తినొచ్చా అమ్మా?"

రలిత్స చెయ్యి ప్లేటు వైపు వెళ్లబోయి ఆగింది.

"కమెన్‌ని అడుగు."

కమెన్ వాళ్లమ్మ కత్తి కింద పెట్టి ఇద్దరి మొహాలూ చూసింది. ఏం అర్థమైందో, కుర్చీ జరుపుకుని రలిత్స పక్కకి వచ్చి కూర్చుంది.

రలిత్సతో చెప్పాలని రాత్రంతా ఏవేవో మాటలు పేర్చుకున్న కమెన్‌కి ఒక్కటీ గుర్తు రాలేదు.

"తినరా," అన్నాడు. "పిండి కలిపిందగ్గర్నుంచి పక్కనే ఉన్నాను."