ఎనిమిది వాల్వులు, పచ్చిరంగు దారాలు

“గిది బిగిస్తే మీ బండి షాద్‌నగర్ గూడ దాటదు సార్,” అంది సింధూజ.

రాజేందర్ చేతుల్లో ఉన్నది అల్లాటప్పా వస్తువు కాదు. హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన సూపర్‌చార్జర్. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసి, ముసలి బండికి కూడా కొత్త ఊపు తెస్తుంది. బయట ఎండలో నిలబడ్డ అంబాసిడర్ వాళ్ల తాతది. నారాయణపేట నుంచి చీరల మూటలు మోసీ మోసీ అలసిపోయింది. దాన్ని మళ్లీ ఉరికిస్తానని అవ్వకు మాటిచ్చి మరీ వచ్చాడు. ఈ పిల్లేమో కనీసం బల్ల మీద పెట్టనివ్వడం లేదు.

ఎందుకు దాటదని అడిగాడు, గొంతు కాస్త పెంచి.

“గాలి ఎక్కువ పోతే ఒత్తిడి పెరుగుతది, వేడి పెరుగుతది. పాత బోరు పైపుకు పెద్ద మోటరు బిగిస్తే ఏమైతది? గంతే. ముందు ఇంజన్ మీది హెడ్డు మంచిగ చేయాలె. గట్టి సీట్లు, కొత్త వాల్వులు, కొత్త స్ప్రింగులు. గప్పుడు చూద్దాం గీ బొమ్మ సంగతి.”

బొమ్మ అన్నందుకు అతనికి కోపం రావాలి. రాలేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, తండ్రి లక్ష్మీనర్సయ్య నడిపే హెడ్ వర్క్స్ షెడ్డులోనే పనికి కూర్చున్న ఆ అమ్మాయి చెంప మీద గ్రీజు మరక ఒకటుంది. దాని గురించి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూనే హెడ్డు విప్పడానికి ఒప్పేసుకున్నాడు.

విప్పితే ఆమె మాటే నిజమైంది. వాల్వులు కూర్చునే సీట్లన్నీ అరిగి గుంటలు పడ్డాయి. సింధూజ బల్బు దగ్గరగా పట్టి ఒక్కొక్కటీ చూపించింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని రాజేందర్‌కు ఆ రోజే తెలిసింది.

అప్పటి నుంచి రోజూ రావడం మొదలుపెట్టాడు. అవ్వకు బండి పని అని చెప్పేవాడు. ఊరికే కూర్చుంటే సింధూజ ఊరుకోదు. కొత్త సీట్లు దిగాక అతని చేతికి ఒక కర్ర ఇచ్చింది. కర్ర చివర రబ్బరు కప్పు. దాన్ని వాల్వుకు అంటించి, సీటుకు గరుకు పేస్టు పూసి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పాలి. అలా రుద్దితేనే వాల్వు తన సీటులో సందు లేకుండా కూర్చుంటుంది. ఒక సీటులో రుద్దిన వాల్వు ఇంకో సీటుకు పనికిరాదు.

ఈలోగా ‘సార్’ పోయి ‘నువ్వు’ వచ్చింది. షెడ్డుకు వచ్చే ప్రతి డ్రైవరునూ ఆమె అన్నా అనే పిలుస్తుంది. రాజేందర్‌ను మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అది అతను గమనించకపోతాడా! తనూ తక్కువ తినలేదు. ఊళ్లో పెద్దవాళ్లెవరినైనా కాకా అనే మనిషి, లక్ష్మీనర్సయ్య దగ్గరికి వచ్చేసరికి సేటూ అనేవాడు. కాకా అంటే ఆ పిల్ల చెల్లెలైపోతుంది మరి.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రేకుల మీద చినుకులు చిందులేస్తున్నాయి. చాయ్ తాగుతూ లక్ష్మీనర్సయ్య మామూలుగా చెప్పాడు. కల్వకుర్తి నుంచి ఒక సంబంధం ఉందట. చేతిలో ఉన్న పని అయ్యేదాకా ఎవరినీ రానివ్వొద్దని పిల్ల షరతు పెట్టిందట. ఈ హెడ్డు అయిపోతే వాళ్లు చూడ్డానికి వస్తారు.

హెడ్డుకు ఇక మిగిలింది వాల్వులు రుద్దడమే. రాజేందర్ చాయ్ గ్లాసులోనే చల్లారిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ధైర్యం చేసుకుని, సింధూజ వైపు తిరిగి ఏదో అన్నాడు. రేకుల చప్పుడులో ఆమెకు వినపడలేదు.

“ఏమన్నవ్?”

“వాన పడ్తాంది అన్న.”

“నాకు గూడ కనపడ్తాంది,” అంది సింధూజ.

మర్నాడు అతను ఇంట్లో మగ్గం దగ్గర్నుంచి జేబు నిండా పట్టుదారాలు తెచ్చాడు. ఎనిమిది వాల్వులకు ఎనిమిది రంగులు. రుద్దడం అయినదానికల్లా ఒక దారం కట్టి, ఏ రంగు ఏ సీటుదో గుర్తుపెట్టుకుంటే గడబిడ ఉండదన్నాడు. మగ్గపోళ్ల తెలివి అని ఆమె మెచ్చుకుంది కూడా. ఎనిమిదీ అయ్యాక పేస్టు పోవడానికి వేడి సబ్బునీళ్ల బకెట్‌లో వేసింది.

బకెట్ హోలీ ఆడింది. ఎరుపు, పసుపు, నీలం అన్నీ కలిసి, దారాలన్నీ ఒకే బురదరంగులో తేలాయి.

సింధూజ బకెట్ వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది. ఇప్పుడేం చేద్దామని అడిగింది. మళ్లీ మొదటి నుంచి రుద్దడం తప్ప దారి లేదని రాజేందర్ దిగులుగా చెప్పాడు. చెప్పడం వరకే దిగులు, మొహంలో మాత్రం పండగ కనబడుతోంది.

మళ్లీ కర్రలు, మళ్లీ పేస్టు, మళ్లీ ఎదురెదురు పీటలు. కల్వకుర్తి వాళ్లకు ఇంకొన్నాళ్లు ఆగమని కబురు వెళ్లింది. కానీ ఆమె అరచేతులు కందిపోవడం చూసేసరికి అతని సంతోషం కాస్తా ముల్లై గుచ్చుకుంది. ఆఖరి వాల్వు దగ్గర ఇక ఉండబట్టలేక కర్ర కింద పెట్టేశాడు.

“సింధూ, గా దారాలు పచ్చిరంగువి. రంగు ఉడకపెట్టకముందే తెచ్చిన. నీళ్లల్ల పడితే పోతదని నాకెర్కనే.”

ఆమె తలెత్తలేదు. “ఎందుకు తెచ్చినవ్?”

“పని అయిపోతే వాళ్లొస్తరు గదా. వాళ్లు రావద్దు నాకు. నువ్వంటే నాకు ప్రాణం. కోపమొస్తే తిట్టు, పడ్త.”

సింధూజ తిట్టలేదు. అతని ముందున్న వాల్వు తీసి, గుడ్డతో తుడిచి కళ్ల ముందు పెట్టింది. దాని మొహం మీద సన్నగా ఎనిమిది చుక్కలు. పక్కదాని మీద ఏడు.

“ఎన్నో సీటుదైతే గన్ని చుక్కలు, రుద్దకముందే కొడ్తం. మా షెడ్డు పద్ధతి గది.”

“మరి నాకు కనపడలేదేంది?”

“నువ్వు వాల్వు దిక్కు చూసినవా ఎన్నడన్న?”

రాజేందర్‌కు విషయం మెల్లగా ఎక్కింది. “అంటే ఏది ఎక్కడిదో నీకు తెల్సు. మరి మళ్ల ఎందుకు రుద్దిచ్చినవ్?”

“మా అవ్వ గూడ మగ్గం నేసిందే. ముట్టుకుంటే చేతికి అంటుకునే రంగు పచ్చిదో కాదో నాకు తెల్వదా?” ఆమె గొంతు తగ్గింది. “పని అయిపోవద్దని నీకొక్కనికే ఉన్నదా?”

అవతల లేత్ మిషన్ చప్పుడు లేదు. అది ఎప్పుడు ఆగిందో, లక్ష్మీనర్సయ్య ఎంతవరకు విన్నాడో వాళ్లకు తెలియదు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, రుద్దిన వాల్వులనే మళ్లీ రుద్దుతుంటే కళ్లుండి చూడనా అన్నాడు. కల్వకుర్తి వాళ్లకు రావద్దని నిన్ననే చెప్పేశాడట.

“గా బొమ్మ గూడ బిగించుకొని, మీ అవ్వను బండిల ఎక్కించుకొని రా. పెద్దోళ్లం మాట్లాడుకోవాలె.”

“సరే సేటూ.”

“ఇంకెన్ని దినాలు సేటంటవ్ పిలగా?”

“సరే... మామా.”

లక్ష్మీనర్సయ్య నవ్వు దాచుకుంటూ మళ్లీ లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. సింధూజ చెవుల దాకా ఎర్రబడి, కర్ర తీసి రాజేందర్ చేతిలో పెట్టింది. ఆఖరి వాల్వు ఇంకా సగంలోనే ఉంది.

“ఈసారన్న వాల్వు దిక్కు చూస్కుంట తిప్పు,” అంది.

అతను తిప్పాడు. ఈసారి కూడా చూడలేదు.